తుడవకండి, కాసేపు చూద్దాం

అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. ఏ బల్ల ముందు కూర్చున్నా దాని మీద ఏదో ఒకటి ఒలకబోయకుండా లేవదు. కాఫీ అయితే కాఫీ, సిరా అయితే సిరా, అవేవీ దొరక్కపోతే బ్యాగులో ఉన్న దగ్గుమందు. ఒలకబోసి, చేతులు కట్టుకుని, ఆ మరక వంక శ్రద్ధగా చూస్తూ కూర్చుంటుంది. ఎవరైనా గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొస్తే మాత్రం ఒప్పుకోదు. "తుడవకండి, కాసేపు చూద్దాం" అంటుంది.

పిచ్చి అనుకునేరు. అది ఆవిడ వృత్తి. హోటళ్ళూ ఆసుపత్రులూ బ్యాంకులూ కట్టేవాళ్ళకు ఏ కౌంటరుకు ఏ రాయి వేయాలో, ఏ గోడకు ఏ పలక అంటించాలో, జనం తొక్కిడికి ఏ నేల ఏళ్ళ తరబడి ఆగుతుందో చెప్పి ఫీజు పుచ్చుకుంటుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆవిడకు వృత్తి ఎక్కడ ఆగుతుందో చుట్టరికం ఎక్కడ మొదలవుతుందో తెలీదు.

ఆ సంగతి అల్లుడికి మొట్టమొదటి రోజే బోధపడింది. సంబంధం మాట్లాడదామని ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని అతనింటికి వచ్చింది. అప్పటికి అతను అల్లుడు కాదు, ఆఫీసులకూ దుకాణాలకూ లోపలి అలంకరణ గీసే డిజైనరు మాత్రమే. హాల్లో వాళ్ళమ్మ ముచ్చటపడి కొనుక్కున్న కొత్త టేకు బల్ల ఉంది. దాని మీద దుమ్ము వాలినా ఆ తల్లి ఇల్లంతా ఏకం చేసేది. కంగారులో కుర్రాడి కప్పు తొణికి నాలుగు కాఫీ చుక్కలు బల్ల మీద పడ్డాయి. అమ్మ చూసిందంటే పెళ్ళి సంగతి దేవుడెరుగు, అమ్మాయి ముందే చెవి మెలేస్తుంది. అందుకని వాటి మీద మోచెయ్యి ఆనించి, ఆ వంకర భంగిమలోనే పెద్దమనిషిలా కబుర్లు చెప్పసాగాడు.

సరిగ్గా అప్పుడే కాబోయే అత్తగారు తన కప్పు ఎత్తి, అతని మోచేతి పక్కన నిండుగా కుమ్మరించింది.

ఇంట్లో అందరూ కొయ్యబారిపోయారు. కాఫీ కుర్రాడి చొక్కా చేతిని తడిపి, అంచు మీదుగా ఒళ్ళోకి కారింది. గుడ్డ కోసం లేచిన తల్లిని ఆవిడ చేత్తో వారించి, తుడవకండి, కాసేపు చూద్దాం అంది. చూశారు. తల్లి మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి పళ్ళ బిగువున, "పర్వాలేదులెండి వదినగారూ, బల్లే కదా" అంది. పెళ్ళి కుదిరింది. బల్ల మాత్రం మళ్ళీ మనిషి కాలేదు.

ఆ తర్వాత అతను నిర్ఘాంతపోని వారం లేదు. పలకలూ రాళ్ళూ అమ్మే షోరూముల్లో ఆవిడను చాటుగా 'వరదగారు' అంటారని తెలిసింది. గుమ్మం దగ్గర ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే, వరదగారొస్తున్నారు, తెల్లవి లోపల పెట్టండిరా అని కేకలు. ఆవిడ బ్యాగు తెరిస్తే చూసేవాళ్ళకు మతి పోయేది. ఫ్లాస్కులో కాఫీ, సీసాలో బీట్‌రూట్ రసం, ముదురు ఎరుపు లిప్‌స్టిక్, తుప్పు పట్టిన తాళంచెవుల గుత్తి. ఒకసారి నేల పలకల నమూనా మీద కుర్చీ వేయించి, "అల్లుడుగారూ, కాస్త కూర్చోండి" అంది. మర్యాద చేస్తోంది కాబోలని అతను పొంగిపోయి కూర్చున్నాడు. ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని అతన్ని ఈ మూల నుంచి ఆ మూలకు బరబరా ఈడ్చింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని గీతలు పరిశీలించి, ఇంకొంచెం బరువైన అల్లుడు ఉంటే బాగుండేదని నిట్టూర్చింది.

అతనికి తెల్ల పాలరాయి అంటే ప్రాణం. ఆవిడకు అదంటే పడదు. ప్రారంభోత్సవం రోజు ఎలా ఉంటుందో ఫొటో చూస్తే చాలు, ఏడాది తర్వాత ఎలా ఉంటుందో చెప్పండి అనేది. అతను ఫొటో మడిచి జేబులో పెట్టుకునేవాడు.

అలాంటివాడికి పెద్ద హోటల్ పని ఒకటి అందేంత దూరంలోకి వచ్చింది. రిసెప్షన్, భోజనాల హాలు, వరండాలు, అన్నీ. వస్తే సొంతంగా ఆఫీసు తెరవొచ్చు. రాకపోతే మళ్ళీ జనం ఇళ్ళల్లో చెప్పుల అరలు గీసుకుంటూ బతకాలి. హోటల్ యజమాని మాత్రం ఒక మెలిక పెట్టాడు. పలకల సలహా ఇచ్చే ఆ అత్తగారిని కూడా తీసుకురమ్మన్నాడు.

లిఫ్టులో అల్లుడు చేతులు జోడించినంత పని చేశాడు.

"అత్తయ్యగారూ, ఈ ఒక్కరోజు ఏమీ ఒలకబోయకండి. నా బతుకు దీని మీద ఉంది."

"అలాగే అల్లుడుగారూ. మాటిస్తున్నాను" అని ఆవిడ బ్యాగు జిప్పు చివరిదాకా లాగేసింది.

యజమాని గది మధ్యలో అద్దంలా మెరుస్తూ పాలరాతి బల్ల ఉంది. హోటలంతా ఇదే రాయి వేయించాలని తన కోరిక అన్నాడాయన. ఈ బల్ల మీద ఇంతవరకు చుక్క పడలేదట. పడేసినవాళ్ళు మర్నాడు పనిలో ఉండరని నవ్వుతూనే చెప్పాడు. అప్పుడే టీ ట్రే పట్టుకుని లోపలికి వస్తున్న పనామె ఆ మాట వింది. నడివయసు మనిషి. ఆమె గబగబా కప్పులు పెట్టసాగింది. అత్తగారి ముందు పెట్టిన కప్పు తొణికి, సాసరు దాటి, పాలరాతి మీద టీ పడింది.

యజమాని కాగితాలు తిరగేస్తున్నాడు, ఇంకా చూడలేదు. అల్లుడు చూశాడు. ఆమె చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది.

యజమాని తలెత్తబోయాడు. అత్తగారు కప్పు ఎత్తి బోర్లించింది.

అల్లుడికి కాళ్ళ కింద లిఫ్టు తెగిపోయినట్టయింది. కళ్ళ ముందు చెప్పుల అరలు వరసకట్టి నిలబడ్డాయి. యజమాని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. పనామె గుడ్డ తీయబోయింది.

"తుడవకు తల్లీ, కాసేపు చూద్దాం" అంది అత్తగారు.

చూశారు. అంతకంటే పొడుగాటి కాసేపు అల్లుడు తన జీవితంలో చూడలేదు. ఆ తర్వాత తుడిస్తే టీ పోయింది గానీ దాని నీడ రాతిలో ఉండిపోయింది. మీరు అతిథులు కదా, పర్వాలేదండీ అన్నాడు యజమాని, బలవంతాన నవ్వుతూ.

"మీ హోటలుకు వచ్చేవాళ్ళంతా అతిథులేనండి" అంది ఆవిడ మెల్లగా. "వాళ్ళందరి దగ్గరా ఇలాగే నవ్వగలరా?"

యజమాని మరక వంక చూశాడు. ఆవిడ జిప్పు తీసి మరక పీల్చని క్వార్ట్జ్ రాతి పలక ముక్క ఒకటి, లేత బూడిదరంగుది, బయట పెట్టింది. దాని మీద కాఫీ పోసింది, బీట్‌రూట్ రసం పోసింది, లిప్‌స్టిక్‌తో గీసింది, కాసేపు చూసింది, తడిగుడ్డతో తుడిచేసింది. ముక్క కడిగిన ముత్యంలా ఉంది. యజమానికి సరదా పుట్టి తన టీ కూడా పోసి, తనే తుడుచుకున్నాడు. మళ్ళీ పోశాడు. పని అల్లుడికే ఇచ్చాడు. అత్తగారు ఒక్క షరతు పెట్టింది. మార్చడమంటూ మొదలుపెడితే ముందు ఈ గదిలో బల్లే మార్చాలి.

కారు నడుపుతూ అల్లుడు రెండు సిగ్నళ్ళు దాటించాడు. చివరికి, "ముందు ఒలికించింది మీరు కాదు కదా అత్తయ్యగారూ?" అన్నాడు.

"ఎవరైతే ఏమిటి? పెద్ద మరక ముందు చిన్న మరక ఎవరికి కనబడుతుంది? ఆమెనైతే తిడతారు. నన్నెవరూ తిట్టరు, ఫీజు ఇచ్చి మరీ పోయించుకుంటారు."

ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, విందుల్లో, చుట్టాల ఇళ్ళల్లో ఆవిడ ఒలకబోసిన కప్పులన్నీ అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటిలో మొట్టమొదటిది గుర్తొచ్చేసరికి కాలు తనంతట తనే బ్రేకు మీద పడింది. వెనకవాడు హారన్ మోగించాడు.

"అయితే ఆ రోజు మా ఇంట్లో..."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "కాఫీ బాగా వేడిగా ఉండింది. మీ మోచెయ్యి కాలిందేమోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను అల్లుడుగారూ."

ఆదివారం అందరూ అతని తల్లి ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ఈసారి ఆ తల్లి ఎవరినీ సలహా అడక్కుండా తెల్లటి బల్ల కొనుక్కుంది. పెరుగు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కోడలి గరిటె లోంచి కూర జారి బల్ల మీద పడింది. కోడలు కొంగుతో కప్పబోతుండగా వంటింటి గుమ్మంలో అడుగుల చప్పుడు వినిపించింది.

అల్లుడు కూర గిన్నె ఎత్తి మొత్తం దాని మీద కుమ్మరించాడు.

భార్య నిర్ఘాంతపోయింది. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయి, పెరుగు గిన్నె గుండెలకు హత్తుకుని, నీకూ మీ అత్తగారి జబ్బు అంటుకుందిరా అని వాపోయింది. అల్లుడు ఓరగా అటువైపు చూశాడు. అత్తగారు చేతులు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు బల్ల మీదికి వంగింది.

"తుడవకండి వదినగారూ, కాసేపు చూద్దాం."