నెల మొదటి ఆదివారం

విమలకుమారికి ఉద్యోగం ఇచ్చింది ఆమె గొంతును చూసి. ఏం విన్నా ఆ గొంతు మారదు. 1983లో న్యూజెర్సీలోని ఒక యూనివర్సిటీ సోషియాలజీ వాళ్లు, అమెరికా కాపురాల్లో ఎవరు ఎవరిని ఎన్నిసార్లు కొడుతున్నారో ఫోన్ చేసి తెలుసుకునే సర్వే మొదలుపెట్టారు. తానుండే పార్సిప్పనీ నుంచి అరగంట కారు నడుపుకుంటూ వెళ్లి, పన్నెండు ఫోన్లున్న గదిలో కూర్చుని, కాగితం మీది ప్రశ్నలు ఒక్క మాట కూడా మార్చకుండా చదవడం ఆమె పని. చీరాలలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు అది. ఇంగ్లీషు కాస్త నిదానం, అంతే.

ప్రశ్నలకు ఒక వరస ఉంది, తేలిక నుంచి బరువుకు. గొడవ వచ్చినప్పుడు మీ భర్త కూర్చుని మాట్లాడారా? అరిచారా? వస్తువు విసిరారా? నెట్టారా? చెంపదెబ్బ కొట్టారా? తన్నారా? దేనితోనైనా కొట్టారా? చితకబాదారా? కత్తి చూపించి బెదిరించారా? కత్తి వాడారా? ప్రతిదానికీ కిందటి ఏడాదిలో ఎన్నిసార్లో చెప్పాలి: ఎప్పుడూ లేదు, ఒకసారి, రెండుసార్లు, అలా ఇరవైకి పైన అనేదాకా. ఏ జవాబు విన్నా అయ్యో పాపం అనకూడదు. “నువ్వు జాలిపడితే అవతలావిడ తర్వాతి జవాబు మార్చేస్తుంది, విమలా,” అని సూపర్‌వైజర్ మిసెస్ కొవాల్‌స్కీ మొదటి రోజే చెప్పింది. ఒహాయోలో ఒకావిడ పై పళ్లు రెండు రాలాయని చెప్పినా, టెక్సాస్‌లో ఇంకొకావిడను కుక్క గొలుసుతో కట్టేశారని చెప్పినా విమల “థాంక్యూ, నెక్స్ట్ క్వశ్చన్” అని ముందుకెళ్లింది. చివర సహాయం కోసం ఒక నంబరు చదివి పెట్టేసేది. ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. తన కోసం మాత్రం ఒక్కసారీ తిప్పలేదు.

తిప్పాల్సిన అవసరం ఏమిటంటారా? ఆమె దైవాశీర్వాదం భార్య కాబట్టి.

దైవాశీర్వాదం మందుల కంపెనీలో కెమిస్టు. బయటివాళ్లకు వెన్నముద్ద. తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. కొత్తగా దిగిన కుటుంబాన్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేది ఆయనే, మంచు పడితే పక్కింటివాళ్ల కారు తవ్వి తీసేది ఆయనే. ఊరందరి మీదా చూపిన ఓర్పు ఇంటికొచ్చేసరికి అయిపోయేది కాబోలు. 1978లో అన్నం పళ్లెం విసిరాడు. ఆ ఏడే గోడకేసి నెట్టాడు. 1981లో తన్నాడు, మూడో నెల గర్భం పోయింది. ఆసుపత్రిలో మెట్ల మీంచి జారిపడ్డానని చెప్పింది విమల. వాళ్లుండేది కింది అంతస్తులో. మరి ఈ మెట్లు ఎక్కడివమ్మా అని సంఘంలో ఒక్కరూ అడగలేదు. అడగాలని తోచకపోవడం కూడా ఒక నేర్పే.

సంఘం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో ఆదివారం మధ్యాహ్నం కూడేది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట రొట్టె విరిచి అందరికీ పంచడం. మనసులో ఎవరిమీదైనా పగ ఉన్నా, తన మీద ఎవరికైనా పగ ఉన్నా సమాధానపడి వచ్చాకే రొట్టె ముట్టుకోవాలని నియమం. పాస్టర్ సత్యానందం గారు వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే మనిషి; ఆదివారం మాత్రం రొట్టె విరిచే ముందు ప్రతిసారీ నిలబడి, “సమాధానపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగేవారు. ఎవరూ లేచేవారు కాదు. చీరాలలో ఈ నియమం చేసిన మేలు విమల కళ్లారా చూసింది. పదేళ్లు మాటల్లేని అన్నదమ్ములు శనివారం రాత్రి ఒకరి గడప ఒకరు తొక్కడం చూసింది. అదే నియమం పార్సిప్పనీలో ఆమె మెడకు చుట్టుకుంది.

ఎలాగంటే, రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది దైవాశీర్వాదం. భార్య క్షమించకపోతే ఆ పళ్లెం ముట్టుకోవడానికి ఆయనకు భయం. నటన కాదు, నిజంగానే భయం. అదే నాకు ఇంకా ఒళ్లు మండే సంగతి. అందుకని నెలంతా కొట్టిన దెబ్బలకు నెల మొదటి ఆదివారానికి ముందురోజు, శనివారం సాయంత్రం, క్షమాపణ రాబట్టేవాడు.

“క్షమించానని చెప్పు, విమలా.”

“సరేలెండి.”

“సరేలెండి అంటే కుదరదు. మనస్ఫూర్తిగా చెప్పు.”

మనస్ఫూర్తిగా రాకపోతే కొట్టేవాడు. వచ్చేదాకా కొట్టేవాడు. వచ్చాక ఏడ్చి, మోకరించి, ప్రార్థన చేసుకుని, చంటిపిల్లాడిలా నిద్రపోయేవాడు. మర్నాడు బల్ల దగ్గర ఆయన మొహంలో ఉన్నంత ప్రశాంతత ఇంకెవరి మొహంలోనూ ఉండేది కాదు.

1984లో ఒకసారి విమల తెగించి పాస్టర్ గారింటికి వెళ్లి చెప్పుకుంది. ఆయన ఓపిగ్గా విన్నారు. “రెండు చేతులు కలిస్తేనే కదమ్మా చప్పట్లు. బ్రదర్‌కి ఆఫీసులో ప్రెషర్ ఎక్కువ. నువ్వే కాస్త తగ్గు,” అన్నారు. ఆయన భార్య మణి టీ కప్పుల పళ్లెంతో పక్కనే నిలబడి అంతా వింది. చప్పట్లకు రెండు చేతులు కావాలిగాని చెంపదెబ్బకు ఒకటి చాలునన్న మాట ఆ రోజు విమలకు తట్టలేదు. టీ తాగి, వందనాలు చెప్పి వచ్చేసింది.

అప్పటినుంచి ఆమె కాగితాన్ని నమ్ముకుంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు రాసిన వరస అది, ఊరికే రాస్తారా? ఇంట్లో జరిగేది కూడా మెట్టు మెట్టుగా ఆ వరసలోనే నడిచింది. 1985 ఆగస్టులో చితకబాదడం అయిపోయింది. తర్వాతి ప్రశ్న కత్తి. కాబట్టి సెప్టెంబరులో ఒకరోజు వంటింట్లో కత్తులన్నీ తువ్వాల్లో చుట్టి కారు ట్రంకులో పడేసింది. మూడు వారాలు బీన్స్ చేత్తో తుంచి వండింది, ఉల్లిపాయలు మానేసింది. దైవాశీర్వాదానికి కూరల మీద ధ్యాస లేదు కాబట్టి సరిపోయింది. పిచ్చిది, మొగుడు కూడా ఆ కాగితం చదివే కొడుతున్నాడనుకుంది.

అక్టోబరు మొదటి శనివారం, సాయంత్రం అయిదు గంటలు. విమల ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన ఆపిల్ పండు పట్టుకుని వంటింటి సొరుగులన్నీ లాగాడు.

“కత్తులేవీ?”

ఒక్క కత్తయినా లేని వంటిల్లు చూసేసరికి ఆయనకు విషయం అర్థమైంది. బుర్రలేని మనిషి కాదుగా.

“దాచావా? అంటే నేను నిన్ను పొడుస్తాననుకున్నావా? నన్ను మర్డరర్‌ని చేశావా?”

రెండు అంగల్లో వచ్చి రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. కాగితం మీద గొంతు మాటే లేదు. రెండేళ్లలో కొన్ని వేలసార్లు చదివిన ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

“చెప్పు! క్షమించానని చెప్పు! రేపు నేను పళ్లెం పట్టుకోవాలి, చెప్పు!”

మాట రావలసిన గొంతును నులిమి మాట చెప్పమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? కాళ్లు నేల వదిలేశాయి. కళ్ల ముందు దీపం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. చేతికి ఇస్త్రీ పెట్టె తగిలింది. దాన్ని ఎత్తి ఆయన ముంజేతి మీద పెట్టి, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆయన పెద్ద కేక పెట్టి వదిలేశాడు.

నేలమీద పడి దగ్గుతూ ఆమె మొట్టమొదట ఆలోచించింది ఏమిటో తెలుసా? కాగితంలో భార్యనూ అడుగుతారు: మీరు మీ భర్తను దేనితోనైనా కొట్టారా? కొట్టాను, ఒకసారి. ఆ గడిలో గుర్తు పెడితే లెక్కలో ఇద్దరూ సమానం. ఎందుకు కొట్టారు, ఎవరు ఎవరికి భయపడుతున్నారు అని అడిగే గడి లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి విమలకు కోపం వచ్చింది. ముందు కాగితం మీద వచ్చింది, తర్వాత మిగతావాళ్లందరి మీదకీ పాకింది.

ఆ సాయంత్రం ఆయన చేతికి కట్టు కట్టుకుని, యథాప్రకారం ఏడ్చి, మోకరించి అడిగాడు. ఆమె చెప్పలేదు. మళ్లీ అడిగాడు. చెప్పలేదు. కాలిన చేయి లేవలేదు కాబట్టి ఆ పూటకు బతికింది. ఇంకో నెల బతకాలంటే ఏదో ఒకటి చేయాలని ఆమెకు తెలుసు.

మర్నాడు బేస్‌మెంటులో నలభైమంది ఉన్నారు. దైవాశీర్వాదం కట్టు చూపించి, “ఫ్రై చేస్తుంటే నూనె చిందింది,” అని అందరికీ చెప్పాడు. మెడ చుట్టూ పైట కప్పుకుని విమల మూడో వరసలో కూర్చుంది. పాటయింది. ఆయన పళ్లెం అందుకున్నాడు. సత్యానందం గారు, “సమాధానపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా రొట్టె చేతిలోకి తీసుకున్నారు.

“నేనున్నానండీ,” అని లేచింది విమల.

ఫోన్‌లో మాట్లాడినంత నిదానంగా మాట్లాడింది. పైట తీసింది. మెడ మీద వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. “నిన్న ఈయన నా గొంతు నులిమారు. నేను ఇస్త్రీ పెట్టెతో ఈయన చెయ్యి కాల్చాను, నూనె కాదు. నేను ఈయన్ని క్షమించలేదు. క్షమించను. మన నియమం ప్రకారం ఆ పళ్లెం ఈయన పట్టుకోకూడదండీ.”

“కూర్చోమ్మా, తర్వాత మాట్లాడుకుందాం,” అన్నారు సత్యానందం గారు.

“తర్వాతంటే మళ్లీ శనివారమేనండీ.”

దైవాశీర్వాదం పళ్లెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఒక్క రొట్టె ముక్క కూడా కింద పడనీయలేదు. తర్వాత వరసల మధ్యగా నడిచి వచ్చి ఎడమ పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. మడత కుర్చీలతో సహా ఆమె వెనక్కి పడింది. పడ్డదాన్ని పక్కటెముకల్లో తన్నాడు, మళ్లీ తన్నాడు. “చెప్పవే! వీళ్లందరి ముందూ చెప్పు!” పిల్లలు గొల్లుమన్నారు. మూడో తన్నుకు గాని ఇద్దరు మగవాళ్లు లేవలేదు. లేచినా, “బ్రదర్, బ్రదర్, ఊరుకోండి,” అంటూ పెళ్లివారిని బుజ్జగించినట్టు మోచేతులు పట్టుకున్నారు.

మణి ఒక్కతే పైకి పరుగెత్తింది. చర్చి ఆఫీసులో ఫోన్ ఉంది. పది నిమిషాల్లో ఇద్దరు పోలీసులు దిగారు.

“ఫ్యామిలీ మేటర్, ఆఫీసర్. వియ్ విల్ సెటిల్ ఇట్,” అన్నారు సత్యానందం గారు నవ్వబోతూ.

పెద్ద ఆఫీసర్ నేలమీది నెత్తురు చూశాడు, విమల మెడ చూశాడు. ఎవరు చూశారని అడిగాడు. నలభైమంది తలలు ప్రార్థనలో ఉన్నట్టు వంగిపోయాయి. విమల నోరు వాచి మాట రావడం లేదు. ఆ తలల్ని ఒక్కొక్కటే చూస్తూ పోయింది. ఈ గదిలో ఒక్కరూ నోరు విప్పకపోతే తాను ఇంటికే వెళ్లాలి.

“ఐ సా ఇట్,” అంది మణి.

“మణీ!” అన్నారు సత్యానందం గారు.

ఆమె అటు తిరగలేదు. పేరు చెప్పింది, ఇంటి అడ్రస్ చెప్పింది, చూసిందంతా పొల్లుపోకుండా చెప్పింది. ఆఫీసర్ రాసుకుని పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“వెయిట్, ఆఫీసర్. మా ఇంట్లోది కూడా రాసుకోండి.”