తెలిసిన తొవ్వ

ఉప్పలయ్యకు ఒకే ఒక అలవాటు ఉండేది. తెలిసిన దారినే అడిగేవాడు.

సూర్యాపేటలో పుట్టాడు. అక్కడే ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఇరవై ఏళ్లుగా కంపౌండరు. అదే దవాఖానలో నేను మందులిచ్చే కిటికీ వెనక కూర్చునేవాణ్ణి. ఎనభై ఎనిమిదిలో ఒకరోజు బస్టాండులో నిలబడి, బజ్జీలు వేస్తున్న బిక్షాన్ని అడిగాడు.

"బస్టాండుకు ఎటు పోవాలె, బిక్షం?"

బిక్షం గరిటె పైకెత్తాడు. "నువ్వు నిలబడ్డదేందే?"

"గది కాదు. మీ ఇంటికాడి నుంచి చెప్పు."

బిక్షం చెప్పాడు. ఉప్పలయ్య కళ్లు మూసుకొని విన్నాడు. విని, సైకిలెక్కి వచ్చిన దిక్కుకే పోయాడు. చెప్పిన దిక్కుకు పోవడం నేనెప్పుడూ చూడలేదు.

మిర్యాలగూడలో రైలుకట్ట మీద నిలబడి, రైలుకట్ట ఎక్కడని మిల్లు హమాలీ ముత్తయ్యను అడిగాడు. ముత్తయ్య ఆ సంగతి నెల రోజులు చెప్పుకొని నవ్వాడు. ఉప్పలయ్య భార్య సైదమ్మ మాత్రం నవ్వేది కాదు. "మా పెండ్లినాడు పీట మీద కూసొని మా మేనమామను పందిరికి తొవ్వ అడిగిండు" అనేది.

ఆ ఏడాది మోతీబాయి మూడుసార్లు మా దగ్గర మంచం పట్టింది. ఉబ్బసం. తుంగతుర్తి రోడ్డులో నాలుగు మైళ్ల దూరాన ఆమె తండా. ప్రతిసారీ నవ్వుతూ ఇంటికి పోయేది. నెల తిరక్కుండా భర్త గోప్యా వీపు మీద తిరిగొచ్చేది. మూడోసారి పంపేటప్పుడు డాక్టరు సారు మెల్లగా అన్నాడు: "నాలుగోసారి ఆలస్యమైతే నా చేతుల ఉండదు." పదిహేను రోజుల గోలీలు నేనే పొట్లం కట్టి ఇచ్చాను.

ఐదో రోజు ఉప్పలయ్య తండాకు బయలుదేరాడు. ఆ అలవాటు సంగతేమిటో చూద్దామని నేను వెనక క్యారియర్ మీద కూర్చున్నాను. మోతీబాయి వాకిట్లో సైకిల్ ఆపి అడిగాడు.

"బాయీ, డాంబర్ రోడ్డుకు ఎట్ల పోవాలె?"

"ఓ ఉప్పలన్నా, ఇప్పుడు గాన్నుంచే వస్తివి గద! బీక్యా పొలం మోటరు కాడ కుడికి మలుగు, రెండు తాటిచెట్ల నడుమల నుంచి పో, గొర్ల దొడ్డి వస్తది, అది దాటితె రోడ్డే. గింత తెల్వదా నీకు? సైదమ్మ ఎట్ల ఏగుతున్నదో!"

ఉప్పలయ్య వేళ్లు హ్యాండిల్ మీద కదులుతున్నాయి. ఏదో లెక్క. అడిగితే, ఎక్కమని క్యారియర్ చూపించాడు.

పదో రోజు మళ్లీ వెళ్లాం. అదే ప్రశ్న.

"బీక్యా మోటరు కాడ..." మోతీబాయి ఆగింది. "కుడికి..." మళ్లీ ఆగింది. నవ్వింది. "మంచిగనే ఉన్నన్నా."

ఉప్పలయ్య సైకిల్ వదిలేశాడు. అది నా మీద పడింది.

"గోలీలేవి?"

గోప్యా గర్వంగా ముందుకొచ్చాడు. "శాన మంచి గోలీలన్నా! రెండు దినాలల్ల దమ్ము దిగిపాయె. అందుకే తండాల తలా ఇన్ని పంచింది. ముసలమ్మకు మోకాళ్లు, రంగికి దగ్గు. పాండుకు ఏం లేదు, అడిగిండని ఇచ్చింది."

రోడ్డు మీద ట్రాక్టరు ఆపి ఆమెను దవాఖానకు తెచ్చాం. డాక్టరు సారు గంటసేపు కుర్చీలో కూర్చోలేదు. తర్వాత కూర్చొని చాయ్ అడిగాడు. అప్పుడు తెలిసింది, గండం గడిచిందని.

వరండాలో ఉప్పలయ్య తానే చెప్పాడు. "దమ్మెట్లున్నదని అడిగితె ఎవలైనా మంచిగనే ఉన్నదంటరు. మల్ల సూది ఏస్తమని భయం. తొవ్వ అడిగితె భయం లేకుంట చెప్తరు. ఒక్క దమ్ముల ఎన్ని మాటలు వస్తున్నయో నేను లెక్కపెట్టుకుంట."

బిక్షం, ముత్తయ్య, ఆయన దారి అడిగిన వాళ్లంతా మా దగ్గర ఉబ్బసానికి పడుకొని ఇంటికి పోయినవాళ్లే. పేర్లన్నీ నా రిజిస్టరులో ఉన్నాయి. నాకే తట్టలేదు.

మోతీబాయి ఇంటికి పోయిన వారానికి ఉప్పలయ్య రెండు పొట్లాలతో వెళ్లాడు. "ఇవి నీ గోలీలు. ఇవి పిప్పరమెంట్లు. పంచబుద్ధయితె ఇవి పంచు." తర్వాత మామూలుగా దారి అడిగాడు.

మోతీబాయి మోటరు నుంచి డాంబర్ రోడ్డు దాకా ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆ ఊపిరి ఇంకా మిగిలి ఉంటే, దాంతో గోప్యాను పిలిచింది. "పాపం, ఈ అన్నకు మతి నిలుస్తలేదు. లారీల కింద పడతడు. రోడ్డెక్కించి రాపో!"

ఉప్పలయ్య కాదనలేదు. గోప్యా సైకిల్ ఒక చేత్తో, ఆయన మణికట్టు ఇంకో చేత్తో పట్టుకొని నడిచాడు. మోటరు దగ్గర, "గీడ గుంత ఉన్నది, పైలం" అన్నాడు.

ఉప్పలయ్య గుంత చూసి, మెల్లగా దాటాడు.