శవం దగ్గర ఒకరుండాలి

మనుమరాలు తన పెద్ద డబ్బా కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకొని దిగింది. బట్టల సంచి దింపింది ఆటో అతనే. ఆమె చదివే ఇంజనీరింగు కాలేజీ పట్నంలో మూతపడింది. హాస్టల్ ఖాళీ చేయించారు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం అది. నా భార్య పోయి ఇంకా మాసికం కూడా కాలేదు. తాత ఒక్కడే ఉండొద్దు, పోయి తోడుండు అని నా బిడ్డ ఆమెను దేవరకొండకు పంపింది.

తోడంటే ఏం తోడు. ఆమె ముందరి గదిలో చెవులకు డిప్పలు పెట్టుకొని క్లాసులు వినేది. నేను వెనక గదిలో మంచం మీద పడి ఫ్యాను చూసేవాణ్ణి. తిన్నవా అంటే తిన్న. మందులు వేసుకున్నవా అంటే వేసుకున్న. మా ఇద్దరి మధ్య రోజంతా నడిచే మాటలు ఆ నాలుగే. అమ్మమ్మ పేరు ఆమె ఎత్తేది కాదు, నేనూ ఎత్తేవాణ్ణి కాదు. పొయ్యి పక్కన నా భార్య కూర్చునే పీట ఉండేది. దాన్ని దాటుకొని పోయేవాళ్ళం గానీ ఇద్దరిలో ఎవరమూ కదిలించలేదు.

నా భార్య ఎట్లా పోయిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పట్నంలో ఒక దవాఖాన. కిందికి పోయి సూదిమందు తెమ్మన్నారు, తెచ్చాను. తెచ్చేసరికి మంచం ఖాళీ. ఒకామె దుప్పటి మారుస్తున్నది. ఏదమ్మా అంటే శవాల గదికి పంపించేశాం అన్నది. మూతికి గుడ్డ, కండ్లకు అద్దాలు, ఒంటికి తెల్లసంచి, ఎవరు ఎవరో తెలియదు. ఎవరిని తిట్టాలి? తిట్టాను. దుప్పటి మారుస్తున్న ఆమెకూ నాలాంటి మొగుడు ఎక్కడో ఉండి ఉంటాడు, ఆమెకూ భయమే. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం తగ్గుతుందా?

మా దిక్కు మనిషి పోతే శవాన్ని ఒక్కదాన్నే ఉంచరు. లేపేదాకా పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. కూర్చున్నవాడు చుట్ట తాగడానికి లేవాలన్నా ఇంకొకడు వచ్చి ఆ జాగాలో కూర్చున్నాకే లేవాలి. మాటల్లేని పాలివాళ్ళు కూడా ఆ ఒక్క పనికి వచ్చి, పక్కపక్కన కూర్చొని, మాటల్లేకుండానే లేచిపోతారు. నేను కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే పని చేసేవాణ్ణి. ఆ పని మీద చుట్టుపక్కల తండాలన్నీ తిరిగాను. మోటారు బాగుచెయ్యబోయిన ఇంట్లో ముసలామె పోతే, వాళ్ళ చుట్టాలు వచ్చేదాకా ముక్కూమొహం తెలియని శవం పక్కన కూర్చున్నాను. నా మీద కోర్టుకెక్కినవాడి శవం పక్కన కూర్చున్నాను. నా పక్కన ఇన్నేండ్లు బతికిన మనిషి దగ్గర మాత్రం ఎవరూ లేరు. నా చేతిలో సూదిమందు ఉన్నది.

ఇది తెలియకపోతే ఆట సంగతి అర్థం కాదు. అందుకే ముందు చెప్పాను.

ఒక మధ్యాహ్నం దాహమై లేచి ముందరి గదిలోకి వచ్చాను. బయట రోకండ్లు పగిలే ఎండ. కంప్యూటర్ తెర మీద మాత్రం వాన. ఆకాశాన్ని అంటుకునే మేడలు, వాటి మీద రంగురంగుల బోర్డులు, కింద బురద, ఆ బురదలో బోర్డుల వెలుగులు పారుతున్నాయి. చాలాసేపు తలుపు పట్టుకొని నిలబడ్డాను.

"ఎక్కడిది బిడ్డా గీ వాన?"

ఆమె ఉలిక్కిపడి డిప్పలు తీసింది. "ఆట తాతా. సైబర్‌పంక్ అంటరు."

"అంటే?"

ఆమె జర ఆలోచించింది. "అంటే, సామాన్లు మస్తు మంచిగుంటయి. మనుషుల బతుకు ఖరాబుంటది. ఇగ ముందట రాబోయే కాలం అన్నట్టు."

"ముందటి కాలమేంది? గిప్పుడున్నదే గది."

ఆమె నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. కుర్చీ జరిపి, ఆడతావా అని అడిగింది. వెక్కిరింపుగా అడిగిందో, మర్యాదకు అడిగిందో. నేను బడి మొహం చూడనివాణ్ణి. పల్లీలు కట్టిన కాగితాలు చదివి తెలుగు నేర్చుకున్నాను. మోటార్ల మీది రేకులు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. నీకెందుకు అన్నవాళ్ళందరి మీదా కోపంతోనే నేర్చుకున్నాను. కూర్చున్నాను.

నడవడం నేర్చుకోవడానికే వారం పట్టింది. గోడలకు గుద్దుకునేవాణ్ణి, కాలువలో పడేవాణ్ణి. ఆ పట్నంలో జనం కిటకిటలాడుతుంటారు. నేనేమో మన అలవాటు కొద్దీ ప్రతి మనిషి ముందూ ఆగేవాణ్ణి. ఎదురుపడ్డ మనిషిని ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగకుండా పోవడం నాకు చేతగాదు. వాళ్ళు ఒకటే మాట అనేవాళ్ళు, మళ్ళీ ఆగితే మళ్ళీ అదే మాట. ఒకడు తోసేశాడు. మనుమరాలు పక్కనుంచి, ఆగకు తాతా, వాళ్ళు ఉత్త జనం, పసుపు బాణం ఎటు చూపిస్తే అటు పో అనేది. ఉత్త జనం అనే మాట నాకు నచ్చలేదు. ప్రభుత్వాలకూ మేము ఉత్త జనమే. ఆ బాణం ఎవరు పెట్టారు, ఎందుకు పోవాలి అని అడిగితే, నీతోటి కాదు తాతా అని తల పట్టుకునేది.

అక్కడ డబ్బున్నవాళ్ళు చేతులు తీయించుకొని ఇనుప చేతులు పెట్టించుకుంటారు, మోకాళ్ళకు ఉక్కు వేయించుకుంటారు. మా బాపు మోకాళ్ళు ఎప్పుడో ఉక్కయ్యాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి, వంగితే లేవలేక, లేస్తే వంగలేక, మెడ తిప్పాలంటే మొత్తం మనిషే తిరగాల్సి వచ్చేది. మాకు ఆ ఆపరేషన్ ఊరి బావి నీళ్ళే పుణ్యానికి చేసిపెట్టాయి. ఇది మనుమరాలికి చెప్పాను. వాళ్ళ అమ్మ ఎన్నడూ చెప్పలేదట. ఆ రోజు ఆట ఆపి బాపు గురించే అడిగింది. అట్లా మధ్యాహ్నాలు గడిచాయి. క్లాసు అయిపోగానే, రా తాతా అని పిలిచేది. నేను మంచం మీద ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించుకొని ఉండేవాణ్ణి. పిలవని రోజు ఆ గది బావి అడుగులాగా ఉండేది.

ఆటలో నాకొక జోడీ ఉన్నాడు. నా ఈడువాడే, సామాన్ల బండి నడుపుతాడు. ఒక కన్ను గాజుది. నేను ఎక్కగానే బండి పోనిచ్చి, తన ఊరు మునిగిపోయిన సంగతి చెబుతాడు. అంతమంది ఉత్త జనంలో తన ఊరు చెప్పిన మనిషి వాడొక్కడే. బాణం చూపిన చోటికి ఒక పెట్టెను చేర్చడం మా పని. చేర్చాం. వెనక్కి వస్తుంటే సందులో ఎవరో కాల్చారు. వాడు షట్టర్లు మూసిన ఒక దుకాణం ముందు కూలబడి, ఏదో అనబోయి, అనకుండానే పోయాడు. వాన పడుతూనే ఉన్నది. పసుపు బాణం ముందుకు పొమ్మని తెర మీద మిణుకుమిణుకుమంటున్నది.

నేను కదలలేదు.

"సచ్చిండు తాతా. ముందటికి పో."

"ఎవరన్న రానీ."

"ఎవలొస్తరు? ఎవలు రారు. గాయిన కథ గంతే."

"రాకపోతె నేనుంట. గిట్ల వానల తడువంగ ఇడిసిపెట్టి పోతమా?"

"ఆట తాతా గది. మనిషి కాదు."

"తెల్సు. నాకేమన్న పిచ్చిలేసిందా?"

నేను వాడి వైపే చూస్తూ ఉన్నాను. అంతలో వెనక ఏదో బండి ఆగిన చప్పుడైంది. వాళ్ళవాళ్ళెవరైనా వచ్చారేమో అనుకొని అటు తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి దుకాణం ముందు వాడూ లేడు. ఖాళీ గచ్చు, దాని మీద వాన.

ఎక్కడ బిడ్డా, ఏదీ అని అడిగాను. మనుమరాలు నా మొహం చూసి నెమ్మదిగా చెప్పింది. మనం ముఖం తిప్పితే కంప్యూటర్ శవాలను తీసేస్తుందట. చూడని వాటిని కూడా ఉంచితే దానికి బరువట. అన్ని ఆటల్లో అంతేనట.

ఎవడు రాశాడు ఆ లెక్క? ఊర్లు కట్టారు, వాన కురిపించారు, పది అంతస్తుల మీది బోర్డులో దీపం ఒకటి చెడిపోయి కొట్టుకోవడం కూడా రాశారు. చచ్చిన మనిషిని ఉంచడం మాత్రం బరువైంది. నేను గట్టిగానే అన్నాను. ఆ మాటలు తెరతో అన్నానో, దవాఖానలో దుప్పటి మారుస్తున్న ఆమెతో అన్నానో నాకే తెలియదు. లేచి పెరట్లోకి పోయి, చాలాసేపు రాలేదు.

మరునాడు ఆమె పిలవకముందే పోయి కుర్చీలో కూర్చున్నాను. నిన్నటి చోటికి తీసుకుపొమ్మన్నాను. ఆటలో వెనక్కి పోవచ్చు, అదొక్కటే దాని గొప్ప. బండి వచ్చింది. జోడీ బతికే ఉన్నాడు. ఊరు మునిగిన సంగతి మళ్ళీ చెప్పాడు, మధ్యలో ఆపకుండా మొత్తం విన్నాను. పెట్టె చేర్చకపోతే వాడు బతుకుతాడా అని అడిగాను. చేర్చకపోతే కథ నడవదు తాతా, బండి అక్కడక్కడే తిరుగుతది అన్నది. చేర్చాం. సందు, కాల్పు, షట్టర్లు. వాడు కూలబడ్డాడు.

ఈసారి ముఖం తిప్పలేదు. వెనక బండ్లు ఆగాయి, ఎవరో అరిచారు, నేను తిరగలేదు. మనుమరాలు చాయ తెచ్చి పెట్టింది. చూపు తెర మీదే ఉంచి చేత్తో తడిమి తాగాను. క్లాసు ఉంటే ఫోన్‌లో వింటానని చెప్పి ఆమె మంచం మీద కూర్చుంది. క్లాసు అయిపోయింది. రాత్రి అన్నం వేళ అయింది. పెట్టుకొస్తా అంటే వద్దన్నాను. శవం ఉండగా ముద్ద ఎట్లా దిగుతుంది? ఆ మాట పైకి అనలేదు. బొమ్మ కోసం అన్నం మానేశాడని ఊరంతా నవ్వుతుందని నాకూ తెలుసు. అయినా కదలలేదు. మెడ పట్టేసింది. కండ్ల వెంట నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వెయ్యనందుకే.

ఆమె వచ్చి నా కుర్చీ పక్కన స్టూలు వేసుకున్నది. నా చేతి కింది నుంచి మౌసు మెల్లగా తన చేతిలోకి తీసుకున్నది.

"నువ్వు లే తాతా. తినిరా. నేను కూసుంట."

"ముఖం తిప్పుతవేమో."

"తిప్ప."

ఆమె కండ్లు తెర మీదే ఉన్నాయి. ఆమె కూర్చున్నాక లేచాను.

వంటింట్లో పళ్ళెంలో అన్నం పెట్టి మూత పెట్టి ఉంచింది. పచ్చిపులుసు కలుపుకొని నాలుగు ముద్దలు తిన్నాను. బయట గాలిదుమారం లేచింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. నాలుగు చినుకులు పడ్డాయి. చెయ్యి కడుక్కుంటుండగా ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మన దగ్గర గాలి వీస్తే చాలు కరెంటు తీస్తారు, ఎన్ని గొప్పలు చెప్పుకున్నా అంతే.

ముందరి గదిలోకి వచ్చేసరికి తెర నల్లగా ఉన్నది. ఆమె మాత్రం లేవలేదు. మౌసు మీద చెయ్యి అట్లాగే ఉంచి ఆ నల్లటి తెర వైపే చూస్తున్నది. డిప్పలు లేవు, ఫోను మంచం మీద దూరంగా పడి ఉన్నది.

"నేనైతె తిప్పలే తాతా. కరెంటే పోయింది."

"తెల్సు బిడ్డా."

నా కుర్చీలో కూర్చున్నాను. ఉక్కపోస్తున్నది. ఇద్దరం ఏమీ లేని తెర వైపు చూస్తూ ఉన్నాం. నా వైపు తిరగకుండానే ఆమె అడిగింది.

"అమ్మమ్మ గా దినం ఏ చీర కట్టుకున్నది?"

నన్ను ఎవరూ అది అడగలేదు. ఆక్సిజన్ ఎంతకు పడిపోయిందని అడిగారు, ఏ దవాఖాన అని అడిగారు, ఏ సూదులు ఇచ్చారని అడిగారు. ఫోన్లలో పరామర్శించిన చుట్టాలందరూ అవే అడిగారు. చీర సంగతి ఎవరికీ తట్టలేదు.

"పచ్చది," అన్నాను. "నువ్వు చేతి సంచి కుట్టించుకున్నవు సూడు, గా రంగు. అంబులెన్స్ అచ్చి నిలబడ్డది. గీ పాత చీర మీద రాను, పట్నం పోతున్నం, నలుగురు సూస్తరు అన్నది. దమ్ము ఆడుతలేదు, అయిన మార్సుకున్నది. కొంగుకు పిన్నీసు పెట్టమన్నది నన్ను."

"పెట్టినవా?"

"పెట్టరాలే. నా వేలికే గుచ్చుకున్నది."

"నవ్విందా?"

"ఏం నవ్వుడు. ఇన్నేండ్లల్ల నీకు సెప్పిందే గీ ఒక్క పని, గది గూడ రాదా అన్నది."

మనుమరాలి భుజాలు కదిలాయి. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో చీకటి గదిలో తెలియలేదు. తర్వాత అమ్మమ్మ ఏమన్నది అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను.