డెబ్బై తొమ్మిది మొలకలు

1997 వేసవిలో నన్ను నర్సీపట్నంలోని ఒక విత్తన పరీక్ష గదికి ల్యాబ్ అసిస్టెంటుగా వేశారు. చదివింది ఇంటర్మీడియెట్. మిగతా చదువంతా ఊళ్లోని గ్రంథాలయంలోనే. సంఖ్యాశాస్త్రం కూడా అక్కడే పట్టుబడింది. అట్ట ఊడిపోయిన ఒక డిగ్రీ పుస్తకాన్ని రెండు వేసవులు వదలకుండా చదివాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. ఆఫీసులో అదే కొందరికి గిట్టలేదు.

పని ఇలా ఉండేది. రైతు పండించిన విత్తన వడ్లలో ఒక కుప్పను లాటు అంటారు. లాటులోని బస్తాల్లోంచి గింజలు తీసి, కలిపి, నూరేసి చొప్పున నాలుగు తడి కాగితాల మీద పరిచి, చాపలా చుట్టి నిలబెట్టాలి. పద్నాలుగో రోజున విప్పి, వేరూ మొలకా రెండూ సరిగా ఉన్నవాటినే లెక్కపెట్టాలి. నాలుగు చుట్టల సగటు ఎనభైకి తగ్గకపోతే లాటు పాసు. తగ్గితే అవి విత్తనాలు కావు, మిల్లుకు పోయే వడ్లు.

ఆ ఏడు కృష్ణదేవిపేట నుంచి నూకరాజు గారు మొదటిసారిగా విత్తనం తెచ్చారు. ఉన్నవాటిలో మంచి మడి దానికి వదిలి, బెరుకు మొక్కల్ని, అంటే మధ్యలో మొలిచే వేరే రకాల్ని, ఇంటిల్లిపాదీ చేత్తో ఏరి పండించిన వడ్లు. పాసైతే ఆయన పేరు మీద చుట్టుపక్కల ఊళ్లకు విత్తనం వెళుతుంది. షేరాటోలో బస్తా పక్కన కూర్చుని వచ్చి, గది గుమ్మం బయటే చెప్పులు విడిచారు.

ఆయన లాటు నా బల్లకు వచ్చింది. నాలుగు చుట్టల్లో వరసగా ఎనభై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, ఎనభై నాలుగు, ఎనభై ఒకటి మొలిచాయి. సగటు ఎనభై మూడు. పాసు అని రాసి ఇన్‌చార్జి అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన కొత్తగా వచ్చినవారు. ఆయనకొక నమ్మకం ఉండేది: లాటు ఒకటే అయితే నాలుగు చుట్టలూ ఒకేలా మొలవాలి.

"ఒకటి ఎనభై ఎనిమిది, ఒకటి డెబ్బై తొమ్మిదీనా? ఇవి ఒకే బస్తా గింజలేనటయ్యా? పక్క బల్ల చూడు, ఎంత నీటుగా ఉందో" అన్నారు.

పక్క బల్ల సత్యారావుది. వయసులో నాకన్నా చిన్నవాడు, మాటకారి. ఆ వారం అతని లాటుకు ఎనభై ఒకటి, ఎనభై, ఎనభై ఒకటి, ఎనభై వచ్చాయి. అంతకుముందు లాటుకూ అంతే. ఆ ముందుదానికీ అంతే.

నాకు తెలిసింది కాగితం మీద రాసి చూపించాను. గింజకు రెండే దారులు, మొలవడం లేదా మొలవకపోవడం. అలాంటి గింజలు నూరు తీసుకుంటే వచ్చే అంకెల తీరును ద్విపద విభాజనం అంటారు. మొలిచే అవకాశం నూటికి ఎనభై మూడైతే, నూరు గింజలకు సగటు ఎనభై మూడు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆ సగటును, మొలవని పాలు పదిహేడుతో గుణించి, నూటితో భాగించి, వర్గమూలం తీస్తే దాదాపు నాలుగు వస్తుంది. అదే క్రమ విచలనం. అంటే ఏ చుట్టయినా సగటుకు అటూ ఇటూ నాలుగు గింజలు తేడా రావడం మామూలు. దానికి రెట్టింపు, అటు ఎనిమిది ఇటు ఎనిమిది దాకా, ఆశ్చర్యపడాల్సింది లేదు. డెబ్బై తొమ్మిదీ ఎనభై ఎనిమిదీ రెండూ ఆ హద్దులోనే ఉన్నాయి. ప్రతి లాటుకూ నాలుగు చుట్టలూ ఒక్క గింజ తేడాతో వస్తున్నాయంటేనే అనుమానించాలి.

అధికారి కాగితం తిరగేసి కూడా చూడలేదు. లైబ్రరీ చదువులు సాయంత్రాలకు పెట్టుకోమన్నారు. నూకరాజు గారి లాటు మీద "సమానత లేదు, తిరస్కృతం" అని రాశారు. నాకు అజాగ్రత్త కింద మెమో ఇచ్చారు.

బయటికొచ్చాక సత్యారావును సూటిగానే అడిగాను. అతను దాచలేదు, నవ్వాడు.

"ఒక సుట్ట లెక్కెట్టాను గదండీ గురువుగారూ! మిగతా మూడూ దాని అన్నదమ్ములే. మీరు మొలకల్ని సూసి లెక్కెడతారు, నాను సారు మొహం సూసి లెక్కెడతాను."

ఆ మాటలోని ప్రమాదం అతనికి తెలియదు. నూటికి డెబ్బై ఐదే మొలిచే నాసి లాటు కూడా, ఒక్క చుట్ట వరకే చూస్తే, ఆరేడు సార్లకు ఒకసారి అదృష్టం కొద్దీ ఎనభై అందుకుంటుంది. నాలుగు వందల గింజలు నిజంగా లెక్కపెడితే సగటులోని ఊగిసలాట సగానికి పడిపోతుంది. అప్పుడు అదే లాటు తప్పించుకోవడం నూరు సార్లకు ఒకసారి. నాలుగు చుట్టలు పెట్టమన్నది అందుకే.

ఫలితం కోసం మళ్లీ వచ్చిన నూకరాజు గారికి గుమ్మం దగ్గర నేనే చెప్పాను.

"ఎనభై దాటిందన్నారు గదండీ బాబూ, మరింక ఏటి తక్కువైనాదండీ?" అని అడిగారు.

తక్కువైంది ఏమీ లేదన్నాను. అలాంటప్పుడు వద్దనడం దేనికని ఆయన అడగలేదు. చెప్పులు తొడుక్కుని, "బండి బేగి ఎల్లిపోద్దండి" అంటూ మా దగ్గర ఉంచిన బస్తా భుజానికెత్తుకున్నారు.

జూలైలో సత్యారావు పాసు చేసిన లాటు వేసిన నారుమళ్లు ఎక్కడికక్కడ బోసిగా మిగిలాయి. రైతులు రెండోసారి నారు పోసుకున్నారు, అదను దాటింది. విచారణ జరిగింది. నాలుగు చుట్టల అంకెలు చక్కగా కలిశాయి కనుక పరీక్షలో లోపం లేదనీ, నీటి ఎద్దడి వల్ల మొలక దెబ్బతిన్నదనీ తేల్చారు. నూకరాజు గారు మిల్లుకు తోలకుండా దాచుకున్న కాసిని గింజలు సొంత మడిలో పోసుకున్నారు. వెళ్లి చూశాను. ఒత్తుగా వచ్చింది. మడి గట్టున నిలబడి, "ఇది సూపిత్తే ఆ సారు మళ్లీ రాత్తారేటండీ?" అన్నారు. రాయరని చెప్పాను. ఆయన మరి విత్తనం పండించలేదు.

మెమో తర్వాత నన్ను గోడౌనుకు మార్చారు. నా బల్ల కూడా సత్యారావుకే ఇచ్చారు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. సగటు ఒక్కటే చెబితే సగం చెప్పినట్టు; దాని చుట్టూ ఎంత తేడా సహజమో కూడా చెప్పాలి. కానీ ఆ తేడాను ఒప్పుకోని అధికారి ఉన్నచోట, నిజంగా లెక్కపెట్టినవాడే తప్పు చేసినవాడిగా కనిపిస్తాడు. గోడౌనుకు వచ్చిన ప్రతి లాటు చీటీ మీది మొలక అంకెల్నీ నేను రిటైరయ్యేదాకా చదువుతూనే వచ్చాను. ఆ గదిలో నాలుగు చుట్టలూ ఎప్పుడూ ఒకేలా మొలిచాయి.