ఎషు మా ఇంటికి వచ్చిన రోజు

సెంగ్‌కాంగ్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో నైజీరియా నుంచి వచ్చిన యొరుబా దంపతులు ఉంటారు. వాళ్ల తలుపు వెనక, చెప్పుల స్టాండు పక్కన, మట్టి పళ్లెంలో గరుకు రాయి ఒకటి ఉంటుంది. కళ్ల చోట గవ్వలు. అదే ఎషు. దారులకు దేవుడు, మహా చిలిపివాడు. ప్రాణస్నేహితుల మధ్య తగవు పెట్టి నవ్వుతాడట. మనుషుల మొర మిగతా దేవతలకు చేరవేసేదీ ఆయనే. ఆయన తలుపు దగ్గర లేకపోతే ఏ ప్రార్థనా గడప దాటదని ఆ భర్త నాతో ఒకసారి అన్నాడు.

భార్యను కాన్పుకు తీసుకెళ్తూ అతను తాళంచెవి మా ఆవిడకిచ్చి, పొద్దున్నే రాయి మీద కాస్త ఎర్ర పామాయిల్ పోయమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, ఎషు మా పూజ అల్మరాలో వినాయకుడి పక్కన ఉన్నాడు. పాలాభిషేకం కూడా అయిపోయింది. నుదుట కుంకుమ.

"దేవుణ్ణి చెప్పుల పక్కన వదిలేస్తారా ఎవరైనా? అసలే ఆ పిల్లకి కాన్పు టైమండీ" అంది మా ఆవిడ.

తిరిగి పెట్టెయ్యమని నేను చెబుతుండగానే లిఫ్టు ఆగింది. అతనే. పాప పుట్టిందట. తల్లికి రక్తస్రావం ఆగక మళ్లీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారట. ఎషుకు తన నోటితో చెప్పుకోవాలని పరుగున వచ్చాడు. తలుపు తీసి, ఖాళీ పళ్లెం చూసి నిలబడిపోయాడు.

"ఆంటీ, ఆయనేరీ?"

మా ఆవిడ రాయిని రెండు చేతులా పట్టుకొచ్చింది. పాల చారలకేసి, కుంకుమకేసి అతను చూస్తూ ఉండిపోయాడు.

"నా భార్య అక్కడుంటే ఈ గడప దగ్గర ఎవరూ లేరన్నమాట."

గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. శుక్రవారం తప్పకుండా గడపకు పసుపు రాసే మనిషి మా ఆవిడ. తప్పెక్కడ జరిగిందో ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. రాయిని పళ్లెంలో పెట్టి పక్కకు తప్పుకోబోయింది.

"నూనె మీరే పొయ్యండి" అన్నాడతను.

పోసింది. కాస్త ఎక్కువై నూనె నేల మీదకి జారింది. అతను వంగి యొరుబాలో మాట్లాడాడు. వేడుకుంటున్నట్టు లేదు, ఇంట్లో మొండివాణ్ణి నిలదీస్తున్నట్టు ఉంది. మధ్యలో ఫోను మోగింది. మాట పూర్తయ్యేదాకా తియ్యలేదు. తీసి విన్నాక గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. మా ఆవిడ గ్రిల్లు పట్టుకుంది.

"రక్తం ఆగిందట" అన్నాడు.

లేచి, రాయికేసి చూస్తూ అన్నాడు: "మన మధ్య తగవు పెడదామనుకున్నట్టున్నాడు. పాలు తాగి తిరిగొచ్చాడు లెండి, ఆంటీ."

నూనె తుడవడానికి గుడ్డ తెచ్చుకున్నాడు. నేలంతా తుడిచాడు. కుంకుమ జోలికి మాత్రం వెళ్లలేదు.