కోరలు లేని కాటిదొర

ఇది 2023 ఎండాకాలం మాట. జనగామలో మా దుకాణం ముందు గదిలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తాను. వెనక గదిలో నాటకాల సామాను ఉంటుంది. కిరీటాలు, గదలు, గడ్డాలు, సవరాలు అన్నీ కిరాయికిస్తాం, అడిగితే వెళ్లి రంగు కూడా వేసి వస్తాం. దుకాణం మా నాయిన పెట్టింది. పదిహేనేళ్ల వయసులో ఆయన పక్కన నిలబడి బ్రష్షు పట్టాను. ఇప్పుడు నాకు యాభై దాటింది. ఇన్నేళ్లలో ఎన్ని ముఖాలకు రంగు వేశానో చెప్పలేను గానీ, ఒక్క ముఖం గురించి మాత్రం ఎవరడిగినా మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

అది కాటిదొర ముఖం. మా వైపు ఊళ్లలో ఒక నాటక సమాజం తరతరాలుగా ఆడే కథలో రాక్షసుడి పేరు కాటిదొర. వల్లకాట్లో ఉంటాడు. పొద్దుగూకాక ఇంటి ముందుకొచ్చి పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తాడు. పలికిన పిల్ల ఊపిరి తీసుకుపోతాడు. నలభై ఏళ్లు ఆ వేషం కట్టింది నర్సింహులపేట మల్లయ్య బాపు. కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. ఆ మంట వెనక నుంచి ఆయన ఒక్క దూకు దూకి నవ్వేవాడు. ఆ నవ్వుకి తల్లుల ఒళ్లో పిల్లలు గుక్కపట్టేవాళ్లు.

ఆ ముఖానికి నాకు రెండు గంటలు పట్టేది. ముందు పాన్ స్టిక్, అంటే కడ్డీలా ఉండే చిక్కటి రంగు, నల్లగా రుద్దాలి. దాని మీద ఎర్ర గీతలు. తర్వాత స్పిరిట్ గమ్‌తో కనుబొమలు, గడ్డం అంటించాలి. స్పిరిట్ గమ్ అంటే వెంట్రుకల్ని చర్మానికి పట్టించే జిగురు, చెమటకి కూడా ఊడదు. అన్నిటికన్నా చివర కోరలు. పళ్లసెట్లు చేసే ఒకాయనతో చేయించిన కోరలవి.

2023 మొదట్లో మల్లయ్య బాపు గొంతులో గడ్డ లేచింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ గొంతు పోయింది. చెవి దగ్గర పెడితే తప్ప వినబడనంత గుసగుస మిగిలింది.

సమాజాన్ని నడిపే లింగన్న ఆ వేషానికి భూపాలపల్లి రాజేందర్‌ని తెచ్చాడు. బొగ్గుబాయిలో పని. అంతకుముందు చిన్న వేషాలు కట్టేవాడు. మనిషి సన్నం, మాట మెత్తన. ఆ సంగతి బయటికి పొక్కగానే నా ఫోన్ మోగడం మొదలైంది. కాటిదొర అభిమానులకు ఒక గ్రూపుందని, అందులో వందల మంది ఉన్నారని అప్పుడే తెలిసింది. రంగు వేసేది నేనే కాబట్టి వాయిస్ మెసేజ్‌లన్నీ నాకే. "సరోజక్కా, కోరలు పొట్టిగ చేయకు." "కండ్లు ఎర్రగుండాలె, నిప్పులెక్క." "నవ్వు మల్లయ్య బాపు నవ్వే కావాలె, లేకుంటే మేం రాం."

అందరిలో గట్టివాడు మహబూబాబాద్ రమేశ్ సేటు. విత్తనాల దుకాణం ఆయనది. వానాకాలం పనులు మొదలు కాకముందు తమ ఊళ్లో నాటకం ఆడించేది ఆయనే. ఒకరోజు బిడ్డని స్కూటర్ మీద ఎక్కించుకుని మా దుకాణానికే వచ్చాడు.

"నాకు ఆరేండ్లప్పుడు మా నాయిన తీస్కపోయిండక్కా," అన్నాడు. "మల్లయ్య దూకిండు. నేను మా నాయిన అంగీల తలకాయ పెట్టిన. ఇంటికొచ్చినంక గూడ మూడొద్దులు ఆయన చెయ్యి ఇడువలె. ఇగో, ఇది నా బిడ్డ. దీనికి ఎన్మిదేండ్లు. గా భయం దీనికి సూపియ్యాలె. ఏం మార్చినా ఊకోను."

నాకు నవ్వు రాలేదు. నాకూ ఆ భయం గుర్తుంది.

మొదటి ఆట నెల్లికుదురులో. అందరూ అడిగినట్టే చేశాను. అవే గీతలు, అవే కనుబొమలు, అవే కోరలు. గుగ్గిలం మంట లేచింది, రాజేందర్ దూకాడు, నవ్వాడు. జనం కూడా నవ్వారు. కోరలు మల్లయ్య బాపు దవడకి చేసినవి, రాజేందర్ నోట్లో నిలవలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. "మీ బిడ్డనియ్యి" అంటే "మీ బిల్లనియ్యి" అని వినబడింది. నవ్వబోతే ఒక కోర జారింది. ముందు వరసలో ఎవరో అన్నారు, "కోరలొచ్చినయ్ గని దొర రాలె!" ఆ మాట రాత్రంతా వీధుల్లో తిరిగింది.

తెర వెనక రాజేందర్ కోరలు నా చేతిలో పెట్టి రంగు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. లింగన్న నన్ను పక్కకి పిలిచాడు. "మానుకోట ఆట గిట్లనే పోతే ఈ కథ బంద్ చేస్తనక్కా. రమేశ్ సేటు ఇంకోపారి పిలువడు. ఆయన పిలువకుంటే ఎవ్వరు పిలువరు. పదిమంది ఆడేటోళ్లం, ఎట్ల బతుకుడు?" మానుకోట అంటే మహబూబాబాదే, మా వైపు అలాగే అంటాం.

తప్పు సగం నాది. ఇంకొకరి నోటికి చేసిన కోరలు ఈ మనిషికి పెట్టాను. పెళ్లికూతురికి ఎవరి గాజులో తొడిగితే కూర్చుంటాయా? వారం తర్వాత అల్జినేట్ పొడి తీసుకుని భూపాలపల్లి బస్సెక్కాను. అల్జినేట్ అంటే నీళ్లలో కలిపి పళ్లకి అచ్చు తీసే పొడి. రాజేందర్ నోటికి సరిపోయే కొత్త కోరలు చేయిద్దామని నా ఆలోచన.

వాళ్లింట్లో తల్లి ఒక్కతే ఉంది. "పొద్దుగాల షిఫ్టుకు పోయిండు బిడ్డా, అచ్చే యాళ్లయింది" అని నీళ్లిచ్చింది. ఎండ దంచుతోందని తలుపు దగ్గరగా వేసింది. ఇద్దరం కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నాం. బయట అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. అప్పుడు చాలా మెల్లగా, తల్లిని పిలుస్తూ, అలసిపోయిన గొంతు.

"అవ్వా, తలుపు దీ. ఆకలైతాంది."

ఆమె లేచి తలుపు తీసింది. గడపలో ఒక నల్లటి ఆకారం. ముఖమంతా బొగ్గుపొడి. ముక్కూ నోరూ ఆ నలుపులో కలిసిపోయాయి. రెండు కళ్లు మాత్రం తెల్లగా, కదలకుండా నన్ను చూస్తున్నాయి. పట్టపగలు, పక్కన ఆమె ఉండగా, నా చేతిలోని గ్లాసు జారి కింద పడింది.

"ఏమైందక్కా? నేనే, రాజేందర్ను. ఇయ్యాల నీళ్లు రాలె, అక్కడ కడుక్కోలె," అన్నాడు, నొచ్చుకుంటూ.

భోజనమయ్యాక అడిగాను, "బాయిల దిగితే భయమైతదా నీకు?"

ఆలోచించి చెప్పాడు. "చప్పుడున్నంత సేపు భయం లేదక్కా. పైకప్పు కిర్రుమంటది, కట్టెలు మూల్గుతయ్, మేం పక్కకు జరుగుతం. ఒక్కోపారి అన్ని చప్పుళ్లు బంద్ అయితయ్ సూడు. అప్పుడు దీపం ఎటు తిప్పినా నల్లగనే. పక్కోని కండ్లు తప్ప ఏం కనవడవు. గప్పుడు గుండె జారుతది."

"గా కాటిదొర గట్ల రావచ్చు గద," అన్నాను.

రాజేందర్ తల దించుకున్నాడు. "నేను మొదటి నుంచి గదే అనుకున్నక్కా. చెప్తే ఎవలింటరు? అందరికి మల్లయ్య బాపే కావాలె. నాక్కూడ ఆయనే కావాలె. నేను ఆయన్ను సూసే ఈ ఆటలకొచ్చిన."

అల్జినేట్ పొట్లం విప్పకుండానే తిరిగొచ్చాను. లింగన్నకి చెబితే, ఎట్లాగూ పోయేదే కదా అని ఒప్పుకున్నాడు.

మల్లయ్య బాపుకి చెప్పకుండా చేయడం నాకిష్టం లేదు. నర్సింహులపేట వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. కోరలుండవు, దూకుడుండదు, నవ్వుండదు, పిల్లల్ని పేరుపెట్టి పిలవడమూ ఉండదు. ఆయన విన్నాడు. లేచి లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. బస్సులో తిరిగొస్తుంటే ఏదో ద్రోహం చేసినట్టే అనిపించింది.

మహబూబాబాద్‌లో ఒక బడి మైదానంలో వేదిక కట్టారు. పొద్దుగూకకముందే జనం నిండారు. ఆ రోజు రంగు వేయడానికి నాకు ముప్పావు గంటే పట్టింది. పాన్ స్టిక్ మెరుస్తుంది కాబట్టి వాడలేదు. మెత్తగా నూరిన బొగ్గుపొడిలో ముల్తానీ మట్టి కలిపి, చేతికి పల్చగా నూనె రాసుకుని అద్దాను. ముఖం మీద వెలుగు పడితే తిరిగి రాకూడదు, లోపలికి పోవాలి. కంటి అంచులు మాత్రం తుడిచి వదిలేశాను. అంటించడానికి వెంట్రుక లేదు, గీయడానికి గీత లేదు. తెర సందులోంచి చూస్తే ముందు వరసలో రమేశ్ సేటు, ఒళ్లో బిడ్డ. వాళ్ల పక్క కుర్చీలో, మెడకి తువ్వాలు చుట్టుకుని, మల్లయ్య బాపు. ఎవరు తీసుకొచ్చారో తెలియదు.

కథలో ఆ ఘట్టం వచ్చింది. తల్లి బిడ్డకి బువ్వ పెడుతోంది. జనం ఈలలు మొదలుపెట్టారు, మంట కోసం. మంట రాలేదు. డప్పు ఆగింది. హార్మోనియం ఆగింది. ఈలలు కాసేపు సాగి అవీ ఆగాయి. దూరంగా జనరేటర్ చప్పుడు ఒక్కటే. అప్పుడు తలుపు చట్రం వెనక నుంచి మాట వచ్చింది.

"అవ్వా, తలుపు దీ. ఆకలైతాంది."

బిడ్డ వేషం కట్టిన పిల్ల లేచి తలుపు తీసింది. అక్కడ ఎవరూ లేరనుకున్నారు జనం. చీకటి ఉంది. ఆ చీకటిలో రెండు కళ్లు తెరుచుకున్నాయి.

ఒక్క కేక లేదు. వేలమంది ఒకేసారి ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు విన్నాను. అలాంటి చప్పుడు నా జన్మలో మళ్లీ వినలేదు. రాజేందర్ ఒక్కడుగు వేసి నిలబడ్డాడు. రెప్ప వేయలేదు. వెనక నుంచి ఒకడు అరిచాడు, "నవ్వవేందిరా! నవ్వు!" రాజేందర్ తల మెల్లగా అటు తిరిగింది. అరిచినవాణ్ణి వెతుకుతున్నట్టు ఒక్కో వరసా చూస్తూ పోయాడు. చూపు ఏ వరస మీద పడితే ఆ వరస బిగుసుకుపోయింది. ముందున్నవాళ్లు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. ఆ ముఖం మీద ప్రతి మరకా నా వేళ్లతో అద్దిందే. అయినా తెర వెనక నిలబడి నేను లింగన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టడం మొదలుపెట్టి ఆపలేదు. రమేశ్ సేటు బిడ్డతో లోపలికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. బిడ్డే నాతో అంది, "పెద్దమ్మా, మా నాయిన చేతులు సూడు, ఎంత సల్లగైనయో. నా చెయ్యి ఇడుస్తనే లేడు."

సేటు కళ్లు తుడుచుకుని, "ఆరేండ్లప్పటి లెక్కనే అయిందక్కా," అన్నాడు. కోరల మాట ఎత్తలేదు.

మల్లయ్య బాపు మెల్లగా నడిచి వచ్చాడు. రాజేందర్ లేచి కాళ్లకు మొక్కబోతే ఆపి, గడ్డం పట్టుకుని ముఖం బల్బు వెలుగుకి తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత చెవి దగ్గరికి వంగాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"నలభై ఏండ్లు భయపెట్టిన. భయమెట్లుంటదో నాకు తెల్వకపాయె. ఇయ్యాల తెల్సింది బిడ్డా."

రాజేందర్ ముఖం మీది బొగ్గులో కన్నీళ్లు రెండు తెల్లటి దారులు చేశాయి. నేను గుడ్డ అందించబోయి ఆగిపోయాను.

ముప్పై ఏళ్లకు పైగా చేసిన పనిలో నాకప్పటిదాకా తెలియనిది ఒకటి ఆ రాత్రి తెలిసింది. మనుషులు తాము చూసినదాన్నే అడుగుతారు, ఎందుకంటే అడగడానికి వాళ్లకు ఉన్న గుర్తు అదొక్కటే. కానీ వాళ్లకు కావలసింది అది చూసినప్పుడు లోపల కలిగినది. కోరలు నేను చేయించగలను. ఆ రెండోది ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి.

పోయిన నెల ఒక పెళ్లికూతురు వచ్చి ఫోన్‌లో ఎవరిదో పెళ్లి ఫొటో చూపించింది. అచ్చం అలాగే కావాలంది. రంగులు కలపబోతూ ఆగి అడిగాను, "గీ ఫొటోల నీకు ఏం నచ్చింది బిడ్డా?"

చాలాసేపు ఆ ఫొటోనే చూసింది. "గీమె ముఖంల భయం లేదక్కా," అంది.

బ్రష్షు పక్కన పెట్టి, రెండు చాయ్‌లు తెప్పించి, ఆమె ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.