హద్దులు లేని దస్తావేజు

ఆఫీసులో అందరూ ఆవిడను సొరుగు అక్కయ్య అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. ఆవిడ బల్ల సొరుగు లాగితే పదకొండు పాత ఫోన్లుంటాయి. ఒకదాని అద్దం పగిలిపోయింది. ఇంకోదాని బ్యాటరీ నిలవదు కనక ఎప్పుడూ వైరు తగిలించే ఉంచాలి. ఏ వెబ్‌సైటు తయారైనా సరే, ఆ పదకొండింటిలోనూ తెరుచుకుంటే తప్ప ఆవిడ సరే అనదు. అనదంటే అనదు. కళ్లద్దాల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు, అందులో నలుగురు మనుషులు. ఆ సొరుగు తెరిచిన చప్పుడు వింటే చాలు, మిగతా ముగ్గురికీ నీరసం వస్తుంది.

పన్నెండేళ్ల కిందటిదాకా ఆవిడకు ఈ లోకమే తెలియదు. ఇరవై ఏళ్లపాటు ఒక దస్తావేజు లేఖరి దగ్గర టైపిస్టు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురుగా బెంచీ మీద ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ కూర్చుంటే, తూర్పు హద్దు ఫలానా వారి గోడ, పడమర హద్దు ఫలానా వారి దొడ్డి అంటూ టకటకా కొట్టేది. లేఖరి కన్నుమూశాక ఆ ఆఫీసు మూతపడింది. వెబ్‌సైట్ల ఆఫీసు పెడుతున్న పిన్ని కొడుకు, "టైపు వచ్చు కదా అక్కయ్యా, నా దగ్గరికి రా" అన్నాడు. నలభై ఒకటో ఏట కొత్త పని మొదలుపెట్టింది. నవ్వినవాళ్లు నవ్వారు, ఈవిడ నేర్చుకుంది. పాత అలవాటు మాత్రం ఒకటి వదల్లేదు. ఏ పత్రమైనా మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా పైకి చదవాల్సిందే.

ఆ వారం చేతిలో ఉన్నది కిడ్నీ ఆస్పత్రి పని. డయాలసిస్ కుర్చీల వంతులు ఇకనుంచి వెబ్‌సైటులోనే ఇస్తారట. శనివారం పొద్దున పదింటికి పేజీ తెరుస్తారు, వచ్చే వారం వంతు అక్కడే పట్టుకోవాలి. పేజీని కొత్త ఫ్రేమ్‌వర్కుతో కట్టారు. ఫ్రేమ్‌వర్కు అంటే మరేం లేదు, ఎవరో ముందే నిలబెట్టి ఉంచిన చట్రం. దూలాలూ వాసాలూ వాళ్లవి, గోడలూ గుమ్మాలూ మనం పెట్టుకోవాలి. అయితే ఈసారి వచ్చిన కొత్త చట్రం పాత బ్రౌజర్లను పట్టించుకోవడం మానేసింది. సోమవారం అక్కయ్య సొరుగు లాగింది. ఏడు ఫోన్లలో పేజీ ముచ్చటగా వచ్చింది, నాలుగింటిలో ఏమీ రాలేదు. ఉత్త తెల్లతెర.

ఆవిడ మెట్లు దిగి, కింద మిషను పెట్టుకున్న దర్జీ దగ్గరికి వెళ్లింది. వారానికి మూడుసార్లు ఆయన వెళ్లేది ఆ ఆస్పత్రికే. ఆయన ఫోనులో పేజీ తెరిపించింది.

"ఇదేంటి చెల్లెమ్మా, తెల్లమొహం వేసింది?" అన్నాడు దర్జీ.

"వంతు దొరక్కపోతే ఏమవుతుంది అన్నయ్యా?"

"ఏముంది? ఒకసారి తప్పితే కాళ్లు వాస్తాయి. రెండుసార్లు తప్పితే ఊపిరాడదు. మూడోసారి కూడా తప్పితే ఈ చొక్కా ఎవరిచేత కుట్టించాలో మీరే చూసుకోవాలి," అని పకపకా నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు.

పైకి వచ్చి తమ్ముడికి చెప్పింది. తమ్ముడే యజమాని. "ఆయనకు శనివారం నీ ఫోను ఇవ్వరాదూ? గొడవ వదిలిపోతుంది," అన్నాడు.

"ఆయన మన మెట్ల కింద ఉన్నాడు కాబట్టి ఇస్తాను. మిగతావాళ్లు ఎవరి మెట్ల కింద ఉన్నారో చెప్పండి ఓనరు గారూ, వెళ్లి ఇచ్చొస్తాను." కోపం వస్తేనే ఆవిడ తమ్ముణ్ణి ఓనరు గారూ అంటుంది.

రెండు రోజులు వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బుధవారం మధ్యాహ్నం దొరికింది. పాత బ్రౌజర్లకు రాని విద్యలు నేర్పే చిన్న ఫైలు. ఎక్కడివాడో, ఎవడో, ఎనిమిదేళ్ల కిందట రాసి అందరికీ కనపడేలా పెట్టాడు. దాని పక్కనే లైసెన్సు. మిగతావాళ్లయితే దాన్ని చూడనైనా చూడరు. అక్కయ్య కళ్లజోడు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

దీన్ని ఎవరైనా వాడుకోవచ్చునట. మార్చుకోవచ్చునట. పదిమందికీ పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడానట. రాసినవాడి పేరూ ఈ నాలుగు మాటలూ దాని వెంట ఉండాలి, అదొక్కటే షరతు. ఇది తప్పక పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేనన్నాడు, పాపం.

చదవడం అయిపోయింది. ఇంకా ఉందేమోనని కిందికి చూసింది. ఏమీ లేదు. తూర్పు హద్దు లేదు, పడమర హద్దు లేదు. పుచ్చుకునేవారి పేరు రాయాల్సిన చోట ఎవరైనా సరే అని ఉంది. ఇరవై ఏళ్లు దానవిక్రయాది సర్వహక్కులతో అని కొట్టిన వేళ్లవి. గుమ్మం వెడల్పు దగ్గర అన్నదమ్ములు విడిపోవడం చూసిన కళ్లవి. ఇలాంటి దస్తావేజు ఉంటుందని కలలోనైనా అనుకోలేదు. తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏమైంది అక్కయ్యా?" అని తమ్ముడు కంగారుగా వచ్చాడు.

"ఒరే తమ్ముడూ, వీడెవడో ఆస్తి మొత్తం లోకానికి రాసిచ్చేశాడురా! ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. రాసి, ఇక్కడ పెట్టి, తన పని తాను చూసుకుంటున్నాడు. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"లక్షలు. మన చట్రం కూడా అలాంటిదే. పన్నెండేళ్ల నుంచి వాటి మీదే బతుకుతున్నాం కదా!"

అవును. ఆ పత్రాలనూ అక్కయ్య చదివింది. కానీ అవి పెద్ద పెద్ద సంస్థల పేర్లతో ఉండేవి, మనసుకు ఆనలేదు. ఇక్కడున్నది ఒక్క మనిషి పేరు.

ఆ ఫైలు తగిలిస్తే నాలుగింటిలో మూడు ఫోన్లు తెరుచుకున్నాయి. నాలుగోది మొండికేసింది. సరిగ్గా అదే దర్జీ ఫోను రకం. గురువారమంతా కూర్చుంటే తేలింది. తారీఖు రాసే వరస ఆ బ్రౌజరుకు అర్థం కావడం లేదు, ఫైలు రాసినవాడు ఆ ఒక్కదాన్నీ మరిచిపోయాడు. అక్కయ్య ఆరు వరసల కోడు రాసి చేర్చింది. శుక్రవారం పదకొండు ఫోన్లూ వరసగా వెలిగాయి. తమ్ముడు గంతేసినంత పని చేశాడు.

అక్కయ్య మాత్రం ఆస్పత్రికి పంపబోయే ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టింది. చదివి, మొహం మాడ్చుకుంది. దాత పేరు లేదు! పేజీ బరువు తగ్గించే పరికరం అనవసరమైన మాటలన్నిటితో పాటు ఆ పేరునూ ఊడ్చేసింది.

"ఎవరు చూస్తారు అక్కయ్యా? మనుషులు చదివే ఫైలా అది? పనిచేస్తున్నదాన్ని కదపకు, నీకు పుణ్యముంటుంది," అన్నాడు తమ్ముడు. రేపు పదింటికి పేజీ తెరవాలి, అతని భయం అతనిది.

"ఒక్క షరతు పెట్టాడురా వాడు. అంత ఇచ్చి ఒక్కటడిగాడు. అది కూడా నిలబెట్టుకోకపోతే మనం పుచ్చుకున్నవాళ్లం కాదు, ఎత్తుకొచ్చినవాళ్లం."

ఆ పరికరంలో ఒక్క అమరిక మార్చి పేరును వెనక్కి తెచ్చింది. మళ్లీ సొరుగు లాగి పదకొండు ఫోన్లూ మొదటినుంచి చూసింది. ఇంటికి వెళ్లేముందు తన ఆరు వరసలనూ ఆ ముక్కూమొహం తెలియని మనిషికి పంపింది, మీకేమైనా పనికొస్తాయేమో చూడండి అని.

శనివారం పదింటికి ఆవిడ మెట్ల కింద దర్జీ పక్కన నిలబడింది. పేజీ వచ్చింది. దర్జీ నొక్కాడు. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఆరు గంటలు, నాలుగో కుర్చీ.

"దొరికింది చెల్లెమ్మా!" అని ఆయన అరిచిన అరుపుకు కళ్లద్దాల కొట్టువాళ్లు బయటికొచ్చారు.

సోమవారం జవాబొచ్చింది. "ఆ రకం ఫోను నాకు దొరకనే లేదు. మీ దగ్గర ఇంకా ఉందా! మీ ఆరు వరసలూ కలిపేశాను. రాసినవాళ్లలో మీ పేరు చేర్చాను." అంతే. అక్కయ్య లైసెన్సు తెరిచింది. అలవాటు ప్రకారం మొదటి అక్షరం నుంచి పైకి చదువుతోంది. దాత పేరు దాటింది. దాని కింద, ఇంటిపేరుతో సహా, తన పేరు. చదవడం అక్కడే ఆపేసింది. ఎన్ని వేల దస్తావేజులు కొట్టిందో లెక్క లేదు, ఒక్కదాంట్లో సాక్షిగానైనా తన పేరు లేదు. ఇంటి కరెంటు బిల్లు కూడా ఇంటాయన పేరునే వస్తుంది.

వెనక నిలబడిన తమ్ముడు మెల్లగా అన్నాడు. "ఎవరు చూస్తారన్నాను కదా అక్కయ్యా. నేను చూశాను."

ఆ కొత్త ఫైలునే ఆస్పత్రి పేజీలోనూ పెట్టారు. తర్వాతి శనివారం దర్జీ వంతు పట్టుకుని, ఫోను జేబులో వేసుకోబోతుంటే అక్కయ్య ఆపింది.

"అందులో నా పేరుంది అన్నయ్యా."

దర్జీ కళ్లు చిట్లించి తెరంతా వెతికాడు. "ఎక్కడ? నాకు కనపడటం లేదే?"

"కనపడదు," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఉంది."